మూడు డిగ్రీల నీళ్ళలో అరగంట

తణుకు నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. "డాక్టరుగారూ! మా పెద్దబ్బాయి నార్వేలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరికితే చాలు, ఒళ్ళంతా మూసే సూటు ఒకటి తగిలించుకొని సముద్రంలో మునిగి చేపల్ని చూసి వస్తున్నాడట. చలికాలంలో ఆ నీళ్ళు అయిదారు డిగ్రీలే ఉంటాయట. చిన్నప్పుడు వానలో తడిస్తే చాలు, వాడికి దగ్గూ జలుబూ. న్యుమోనియా వస్తుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఎలా మాన్పించను?"

అమ్మా, మాన్పించడం మీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు. కాని దేనికి భయపడాలో, దేనికి అక్కరలేదో చెప్పగలను. జలుబుకైనా న్యుమోనియాకైనా కారణం సూక్ష్మజీవులు. ఒట్టి చన్నీళ్ళు న్యుమోనియాను పుట్టించవు. అంచేత ఆ బెంగ కొంత తగ్గించుకోండి. భయపడవలసింది వేరే ఉంది. అది దగ్గులాగా చప్పుడు చేస్తూ రాదు.

ఈ జవాబు పుస్తకం చూసి వ్రాస్తున్నది కాదు. అలాంటి సూటు వేసుకొని మూడు డిగ్రీల నీళ్ళలో అరగంట ఉండి వచ్చినవాణ్ణి నేను. ఏభై దాటిన వయసులో, అదీ రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకొనే మనిషిని, ఈ పని చేశానంటే మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలో దెప్పుతూ ఉంటుంది. జరిగిందంతా చెబితే మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

మా అమ్మాయీ అల్లుడుగారూ లండనులో ఉంటారు. 2023 సెప్టెంబరులో మేమిద్దరం వాళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు, అక్కడి నుంచి విమానంలో మూడు గంటల దూరమేనని ఐస్‌లాండుకు తీసుకువెళ్ళారు. ఆ దేశపు ముఖ్యపట్టణం రేక్యవిక్. అక్కడి నుంచి కారులో గంట లోపు ప్రయాణం చేస్తే థింగ్‌వెల్లిర్ అనే మైదానం వస్తుంది. చెట్టూ చేమా పెద్దగా లేవు. ఎప్పుడో కరిగి పారి గడ్డకట్టిన నల్లరాయి, దాని మీద దూది పరచినట్లు నాచు. 930వ సంవత్సరంలో ఆ దేశపు పెద్దలు మొదటిసారి సభ తీరి చట్టాలు చేసుకొన్నది ఈ రాళ్ళ మధ్యనేనట. 2004లో యునెస్కోవారు దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు.

అయితే మావాళ్ళు వచ్చింది సభాస్థలం చూడడానికి కాదు. అమెరికా ఖండాన్ని మోసే భూఫలకం, ఐరోపా ఖండాన్ని మోసే భూఫలకం ఇక్కడ ఏడాదికి రమారమి రెండు సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి. ఆ లాగుడుకు నేల పగుళ్ళు వేసింది. వాటిలో ఒకదాని పేరు సిల్ఫ్రా. ఏభై కిలోమీటర్ల అవతల లాంగ్‌యోకుల్ అనే హిమానీనదం కరిగి, ఆ నీరు లావా రాతిలో ఇంకి, ముప్ఫయి మొదలు నూరేళ్ళ పాటు వడకట్టుకొంటూ వచ్చి ఈ పగులులో ఊరుతుంది. అంటే నేను దోసిట పట్టి తాగిన నీళ్ళు బహుశా నేను పుట్టకముందు కరిగినవి. నీటి అడుగున నూరు మీటర్ల దూరం వరకు కనపడుతుంది. వేసవి గాని చలికాలం గాని ఆ నీరు రెండు నుంచి నాలుగు డిగ్రీలే. పారుతూ ఉంటుంది కనుక గడ్డకట్టదు.

అల్లుడుగారు గాలి సిలిండరు కట్టుకొని లోపలికి మునిగే డైవింగు నేర్చుకొన్నవారు. ఇక్కడ అలా మునగాలంటే డ్రై సూటు వాడకంలో శిక్షణ పొందిన కాగితమో, అనుభవానికి రుజువో చూపాలి. పద్ధెనిమిది మీటర్ల కంటె లోతుకు పోనివ్వరు. నాబోటి వాళ్ళకు ఇంకో పద్ధతి ఉంది. అదే సూటు వేసుకొని, నోట్లో గొట్టం పెట్టుకొని, నీటి మీదనే బోర్లా తేలుతూ అడుగుకు చూస్తూ పోవడం. గోదావరి కాలవల్లో ఈత నేర్చినవాణ్ణి, ఆ మాత్రం చేయలేనా అనుకొన్నాను.

ముందు ఒక ఫారం నింపమన్నారు. గుండె జబ్బు ఉందా, ఉబ్బసం ఉందా, రక్తపోటుకు మందులు వాడుతున్నారా అని వరసగా ప్రశ్నలు. మా అమ్మాయి నా చెవిలో, "నాన్నా, లేదని పెట్టెయ్యి. ఉందంటే ఊరికే సతాయిస్తారు" అన్నది. ముప్ఫయి ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రిలో, "షుగరు ఉందా?" అని అడిగితే లేదని తల ఊపి, కాలు కుళ్ళాక నిజం చెప్పిన వాళ్ళను ఎందరినో కోప్పడినవాణ్ణి. ఉందనే వ్రాశాను. బయలుదేరే ముందే గుండె డాక్టరయిన నా స్నేహితుడి చేత పరీక్ష చేయించుకొని, పరవాలేదన్న ఉత్తరం తెచ్చుకొన్నాను గనుక ఒప్పుకొన్నారు. నా కాగితం మీద నేనే సంతకం చేసుకోవడం కుదరదు గదా!

ఈ ఫారం దగ్గర అబద్ధం ఎందుకు ఆడకూడదో చెబుతాను. చన్నీళ్ళలో దిగగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొంటాయి. కాళ్ళలో, చేతుల్లో ఉండవలసిన రక్తం గుండె వైపు, ఊపిరితిత్తుల వైపు మళ్ళుతుంది. నీటి ఒత్తిడి కూడా అటే నెడుతుంది. రక్తపోటు అమాంతం పెరుగుతుంది. రక్తపోటు అదుపులో లేనివాళ్ళకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అది బయటినుంచి మింగిన నీరు కాదు, స్వంత రక్తంలోంచి ఊరిన నీరు. నీటిలో ఉండగా ఆయాసం, దగ్గు, నురగతో, ఒక్కోసారి కొద్దిగా ఎరుపుతో కళ్ళె వస్తే ఆ క్షణమే బయటకు రావాలి. ఈత బాగా వచ్చినవాడికీ ఇది రావచ్చు.

కార్తీకమాసంలో తెల్లవారుజామున నదిలో మునిగే పెద్దవాళ్ళకు కూడా ఇందులో కొంత వర్తిస్తుంది. మునగవద్దని చెప్పను, చెబితే వినరు. ముందు పాదాలు, తరువాత చేతులు, మొహం తడుపుకొని, ఊపిరి కుదుటపడ్డాక నెమ్మదిగా దిగండి. గట్టు మీదనుంచి ఒక్కసారి దూకకండి.

ఇక సూటు సంగతి. దీన్ని గూర్చి నాకు ఒక భ్రమ ఉండేది. ఇంత ఖరీదైన రబ్బరు సూటు, ఇది కంబళిలాగా వెచ్చగా ఉంచుతుందనుకొన్నాను. పొరపాటు. అల్లుడుగారు వేసుకొన్న రకం సూటు ఒట్టి గొడుగు గుడ్డ లాంటిది. నీరు లోపలికి రానివ్వదు, అంతే. వెచ్చదనం ఇచ్చేది లోపలి బట్టలు. ఇంకా సరిగా చెప్పాలంటే బట్టలు కూడా కాదు. వాటి పోగుల మధ్య కదలకుండా చిక్కుకొన్న గాలి.

ఇది మన ఇళ్ళలో అందరికీ తెలిసిన విషయమే. పాత పరుపులో దూది అణగి గట్టిపడితే చలి ఆపదు. దూదేకులాయన వచ్చి ఏకి ఇస్తే అదే దూది, అంతే బరువు, మళ్ళీ వెచ్చగా ఉంటుంది. ఏకడం వల్ల కొత్తగా చేరింది గాలి ఒక్కటే. నీరు గాలి కంటె సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పాతిక డిగ్రీల గాలిలో చొక్కా లేకుండా కూర్చోగలం. పాతిక డిగ్రీల నీటిలో గంటసేపు ఆడిన పిల్లల పెదవులు నీలంగా మారడం కాలవగట్టున ఎవరు చూడలేదు? ఆ వేడి పోకుండా ఒంటికీ నీటికీ మధ్య పొడిగాలి పొర ఒకటి నిలబెట్టడమే డ్రై సూటు పని. వేడి మాత్రం మనదే. సూటు ఒక్క డిగ్రీ కూడా పుట్టించదు.

అంచేత లోపల ఏం వేసుకొన్నామన్నదే ముఖ్యం. ఒంటికి తగిలే పొర పలచని ఉన్నిది గాని, చెమటను పీల్చుకోని కృత్రిమ నూలుది గాని కావాలి. నేను చేసిన తెలివితక్కువ పని వినండి. వాళ్ళు నూలుబట్ట వద్దని ముందే చెప్పినా, నలభై ఏళ్ళ అలవాటు చొప్పున లోపల నూలు బనియను వదలలేదు. పైన ఇంత సరంజామా ఉండగా బనియను ఏం చేస్తుందనుకొన్నాను. ఆ బరువంతా వేసుకొని ఎండలో పావుగంట నిలబడేసరికి చెమట పట్టింది. బనియను తాగింది. నీళ్ళలో దిగిన పది నిమిషాలకు వీపు మీద తడిగుడ్డ పరచినట్లయింది. సూటులోకి చుక్క నీరు రాలేదు, తడి అంతా నాదే. నూలుకు నీటిని పట్టి ఉంచే గుణం ఎక్కువ. తడిస్తే దానిలోని గాలి పోయి, ఆ జాగాలో నీరు చేరుతుంది.

ఉన్ని అలా కాదు. తెలంగాణలో కురుమలు నేసే గొంగడి చూడండి. గొర్రెల కాపరి వానలో తడుస్తూ రాత్రంతా మంద దగ్గర ఉంటాడు, నెత్తిన గొంగడి తడిసి బరువెక్కినా లోపల మనిషి వెచ్చగానే ఉంటాడు. ఐస్‌లాండు గొర్రె ఉన్నిలో రెండు రకాల వెంట్రుకలు ఉంటాయి. పైన పొడుగ్గా వానను జార్చేవి, లోపల మెత్తగా గాలిని పట్టేవి. ఆ ఉన్నితో అల్లిన స్వెటరును అక్కడివాళ్ళు లోపపేసా అంటారు. పేరులో పైసా వినిపించి మా ఆవిడ ఉత్సాహపడింది గాని, ధర చూశాక మళ్ళీ అరలో పెట్టేసింది. రాగి శిరస్త్రాణం తొడుక్కొని సముద్రంలో దిగే పాతకాలపు డైవర్లు కూడా లోపల ఉన్ని బనియన్లు, ఉన్ని టోపీ వేసుకొనే వాళ్ళు. ఆగస్టస్ సీబే అనే ఆయన 1837లో నీరు చొరని ఆ నిండు సూటు తయారు చేశాడు. అప్పటికీ ఇప్పటికీ సూటు మారింది గాని సూత్రం మారలేదు.

ఉన్ని పొర మీద బొంత లాంటి మందపాటి తొడుగు వేస్తారు, మెడ నుంచి కాళ్ళ దాకా ఒకే బట్ట. అది వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే గాలి నిలవదు, మోచేయి మడవడమూ కష్టం. మేజోళ్ళ విషయంలో అందరూ చేసే పొరపాటు ఇదే. ఒక జత వేడిగా ఉంటే రెండు జతలు ఇంకా వేడిగా ఉంటాయనుకొంటారు. కాలు బిగిసి రక్తం ఆడకపోతే, ఎన్ని జతలు తొడిగినా వేళ్ళు మొద్దుబారుతాయి. వదులుగా ఒక మందపాటి ఉన్నిజత మేలు. షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్ళు ఈ సాహసాల జోలికి పోకుండా ఉంటే మంచిది. చలికి చర్మం దెబ్బతిన్నా వాళ్ళకు తెలియదు.

మెడ దగ్గరా, మణికట్ల దగ్గరా నీరు రాకుండా పలచని రబ్బరు పట్టీలు ఉంటాయి. మెడపట్టీ వేస్తున్నప్పుడు ఎవరో గొంతు పిసుకుతున్నట్లే ఉంది. కొంత బిగువు తప్పదు. కాని కళ్ళు తిరిగినా, తల తేలిపోయినా వెంటనే చెప్పాలి. మెడలో రక్తనాళం మీద ఒత్తిడి పడితే గుండె వేగం తగ్గి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. తలకు టోపీ, చేతులకు తొడుగులు వేస్తారు. ఇవి మాత్రం లోపలికి నీరు రానిస్తాయి. ఆ నీటిని ఒంటి వేడితో వెచ్చబెట్టుకొని కదపకుండా ఉంచుకోవాలి. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. తల ఒంట్లో పదో వంతుకు మించదు, పోయే వేడీ రమారమి అంతే. అయినా మిగతా ఒళ్ళంతా కప్పి తల ఒక్కటీ వదిలేస్తే పోయేది అక్కడినుంచే గదా, అందుకని టోపీ తప్పదు.

సంకోచం లేకుండా ఇంకో మాట. చన్నీళ్ళలో మూత్రం ఎక్కువ తయారవుతుంది. రక్తం లోపలికి మళ్ళగానే, ఒంట్లో నీరు ఎక్కువైందని మూత్రపిండాలు పొరబడతాయి. ఈ బాధకు జడిసి పొద్దుటినుంచి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు ఉన్నారు. డైవింగు చేసేవాళ్ళకు అది చాలా తప్పు. ఒంట్లో నీరు తగ్గితే, పైకి వచ్చేటప్పుడు రక్తంలో గాలిబుడగలు ఏర్పడే జబ్బుకు దారి సుళువవుతుందని భావిస్తారు. తాగవలసిన నీళ్ళు తాగి, సూటు వేసుకొనే ముందు ఒకసారి వెళ్ళివస్తే సరి. ఎక్కువసేపు మునిగేవాళ్ళు పెద్దవాళ్ళ డైపర్లు కట్టుకొంటారు. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇనుప మెట్ల మీదుగా దిగాము. ఒళ్ళు పొడిగానే ఉంది కాని మొహం నీటికి తగలగానే గుక్క పట్టినట్లయింది. పెదవులు రెండు నిమిషాల్లో మొద్దుబారి, గొట్టం నోట్లో ఉందో లేదో తెలియలేదు. సూటు లేకుండా అలాంటి నీళ్ళలో పడినవాడు మొదటి రెండు మూడు నిమిషాల్లో ఆ గుక్కతోనే నీళ్ళు మింగి మునిగిపోతాడు. చలికి ఒళ్ళు చల్లబడి చనిపోవడానికి అరగంట పైనే పడుతుంది. అంత దాకా రానిచ్చేదే తక్కువ. నేను నిమిషం సేపు ఏమీ చేయకుండా తేలుతూ ఊపిరి సర్దుకొన్నాను. తరువాత కిందకు చూశాను.

అమ్మా, ఆ నీలం రంగు నేను వర్ణించలేను. రెండు వైపులా రాతిగోడలు, మధ్య నేను గాలిలో వేలాడుతున్నట్లే ఉంది. నీళ్ళు ఉన్నాయన్న గుర్తే లేదు. గోడలకు పచ్చటి జుట్టు లాంటి నాచు. అడుగున ఎక్కడో మా అల్లుడుగారి దీపం, పైకి తేలివస్తున్న బుడగలు. వీపు మీద చెమ్మ బనియను లేకపోతే ఇంకాసేపు ఉండేవాణ్ణే.

అసలు సంగతి బయటకు వచ్చాక జరిగింది. మాకన్న కొంచెం తరువాత డైవింగు జట్టు పైకి వచ్చింది. వాళ్ళకు రెండు మునకలు. ముప్పావుగంట విశ్రాంతి, మళ్ళీ రెండోది. అందరికీ వేడి చాక్‌లెట్ పానీయం ఇచ్చారు. అల్లుడుగారు కప్పు అందుకొంటూ సగం ఒలకబోశారు. మామూలుగా ఆయన గలగలా మాట్లాడే మనిషి. "ఎలా ఉంది?" అంటే, "బాగుంది" అని ఊరుకొన్నారు. టోపీ ముడి విప్పుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి వదిలేశారు. వణుకుతున్నారు. మా అమ్మాయి, "చలి గదా నాన్నా, అందరూ వణుకుతారు" అంది.

"బాబూ, ఒకసారి బొటనవేలితో చిటికెనవేలు ముట్టుకోండి" అన్నాను. కుడిచేత్తో ముట్టుకొన్నారు. ఎడమచేత్తో ముట్టుకోలేకపోయారు. సూటు తీయించి చూస్తే ఎడమచేయి భుజం దాకా, ఛాతీ మీద ఒక పక్కంతా తడి. కారణం ఎంత చిన్నదో చూడండి. చలి బాగా ఆపాలని ఉన్నిచొక్కా చేతులు కిందికి బాగా లాగుకొన్నారు. దాని అంచు రబ్బరు పట్టీ కింద ఇరుక్కొంది. దీపం వత్తి నూనెను పీల్చినట్లు ఆ అంచు నీటిని లోపలికి పీల్చింది. తడి మొదటి అయిదు నిమిషాల్లోనే తెలిసిందట. పైకి వస్తే తనవల్ల జట్టంతా తిరిగి రావాలి, డబ్బు కట్టాము, పైగా మామగారి ఎదుట చలికి ఓర్చుకోలేదని అనిపించుకోవడమా అని ఊరుకొన్నారట. మళ్ళీ దిగడానికి సిద్ధం కూడా అవుతున్నారు!

ఇక్కడ నేను ఇరవై ఏడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను వచ్చినప్పుడు నేను ఆ ప్రాంతంలో కొత్త డాక్టరును. మర్నాడు మా ఆసుపత్రికి రాత్రంతా నీళ్ళలో, గాలిలో కొబ్బరిచెట్లను పట్టుకొని వేలాడిన వాళ్ళను మోసుకువచ్చారు. ఒక కుర్రవాడు పళ్ళు టకటకలాడించుకొంటూ ఏడుస్తున్నాడు. పక్కన ఒక పెద్దాయన కదలకుండా పడుకొన్నాడు, వణుకు లేదు, పిలిస్తే ఊఁ అంటున్నాడు. "నిమ్మళించాడు బాబూ" అన్నారు వెంట వచ్చినవాళ్ళు. నేను కుర్రవాణ్ణి ముందు చూశాను. పెద్దాయన నోట్లో థర్మామీటరు పెట్టించాను, పాదరసం మొదటి గీత దాటి కదల్లేదు. పరికరం చెడిపోయిందనుకొన్నాను. మన మామూలు థర్మామీటరు 94 డిగ్రీల ఫారెన్‌హీటు నుంచే మొదలవుతుందని, అంతకంటె కింద అది చూపలేదని ఆ గడబిడలో నాకు తట్టలేదు. ఈలోగా ఎవరో ఆయన కాళ్ళూ చేతులూ శొంఠిపొడితో గట్టిగా రుద్దడం మొదలుపెట్టారు. నేను వద్దనలేదు. నేను ఆయన దగ్గరకు వచ్చేసరికి గుండె ఆగిపోయింది.

మన తీరంలో నీళ్ళు మంచునీళ్ళు కావు. అయినా తడిబట్టలతో గాలిలో రాత్రంతా ఉంటే ఒంటి వేడి 35 సెంటీగ్రేడు డిగ్రీల కంటె దిగిపోతుంది. దాన్నే హైపోథెర్మియా అంటాము. వణుకు అనేది ఒళ్ళు వేడి పుట్టించుకోవడానికి చేసే పని. వణుకుతున్నవాడు ఇంకా పోరాడుతున్నాడు. ఒళ్ళు చల్లగా ఉండగానే వణుకు ఆగి, మాట ముద్దై, మనిషి మందకొడిగా అయితే అది తగ్గినట్లు కాదు, ముదిరినట్లు. అప్పుడు గుండె ఎంత సున్నితంగా ఉంటుందంటే, మొరటుగా కదిపినా లయ తప్పవచ్చు. రుద్దకూడదు. నడిపించకూడదు. పడుకోబెట్టి, తడిబట్టలు కత్తిరించి తీసి, పొడి దుప్పట్లు చుట్టి, అతి జాగ్రత్తగా ఆసుపత్రికి చేర్చాలి.

థింగ్‌వెల్లిర్‌లో అల్లుడుగారికి అంత రాలేదు. తెలివిగానే ఉన్నారు, వణుకు బాగా ఉంది. వ్యానులో కూర్చోబెట్టి తడివి విప్పించి, పొడి ఉన్నిబట్టలు తొడిగించి, టోపీ పెట్టించాను. తియ్యటి వేడిపానీయం నెమ్మదిగా తాగించాను. వణకడానికి ఒంటికి చక్కెర కావాలి. రెండు సీసాలలో గోరువెచ్చని నీళ్ళు పోయించి, గుడ్డ చుట్టి చంకల్లో పెట్టించాను. చేతులు హీటరు దగ్గర కాచుకొంటానంటే వద్దన్నాను. కాళ్ళూ చేతులూ ముందు వేడెక్కితే అక్కడి చల్లటి రక్తం ఒక్కసారి లోపలికి వస్తుంది, రక్తపోటూ పడిపోతుంది. పక్క వ్యాను పెద్దమనిషి ఒకాయన ప్రేమగా బ్రాందీ సీసా అందించాడు. దండం పెట్టి తిప్పి పంపించాను. సారాయి తాగితే ఒళ్ళు వెచ్చబడినట్లు అనిపిస్తుంది, నిజానికి చర్మపు నాళాలు తెరుచుకొని ఉన్న వేడి కాస్తా పోతుంది. అరగంట సేపు లేచి తిరగనివ్వలేదు.

రెండో మునక మాటకొస్తే, అల్లుడికి వద్దని చెప్పడం మనలో ఎంత ఇబ్బందో మీకు తెలుసు. మా ఆవిడ కళ్ళతోనే నన్ను వారించింది. అయినా చెప్పాను. "ఇప్పుడు నేను మీ మామను కాదు, డాక్టరును. దిగకండి." ఆయన మొహం చిన్నబోయింది. వాళ్ళ మార్గదర్శకుడు వచ్చి తడి చొక్కా పిండి చూసి, మారుమాట లేకుండా ఆయన సిలిండరు తీసి పక్కన పెట్టేశాడు. ఆ కుర్రవాడికి మనసులోనే కృతజ్ఞత చెప్పుకొన్నాను.

తిరిగివచ్చే దారిలో ఆ మార్గదర్శకుడే మాకు ఒక కథ చెప్పాడు. తరువాత చదివితే నిజమేనని తెలిసింది. 1984 మార్చిలో ఆ దేశపు దక్షిణ తీరాన ఒక చేపల పడవ రాత్రివేళ తిరగబడింది. అయిదుగురిలో గుడ్లాగుర్ ఫ్రిథోర్సన్ అనే ఆయన ఒక్కడే, అయిదారు డిగ్రీల నీళ్ళలో అయిదారు గంటలు ఈది ఒడ్డు చేరాడు. డాక్టర్లు పరీక్షిస్తే ఆయన చర్మం కింద కొవ్వు మామూలు మనుషులకంటె రెండు మూడు రెట్లు మందంగా ఉంది. కొవ్వు కూడా బొంత లాంటిదే. అది విని అల్లుడుగారు, "రోజూ అత్తయ్యగారి చేతి గారెలు తింటే నాకీ గతి పట్టేది కాదు" అన్నారు. అప్పటికి ఎడమచెయ్యి చిటికెనవేలు కలుస్తోంది. నేనూ నవ్వాను.

మీ అబ్బాయికి వ్రాయవలసిన సంగతులు చాలావరకు పైన వచ్చేశాయి. లోతుకు పోయేవాడు గనుక ఇంకొన్ని. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై సూటులోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. బొంత అణగిపోయి చలి ఎక్కుతుంది, సూటు ఒంటిని పట్టి నొక్కుతుంది. కనుక సిలిండరు నుంచి కొద్దికొద్దిగా గాలి వదులుకొంటారు. మరీ ఎక్కువ వదిలితే అది పాదాల వైపు చేరి, మనిషి తలకిందులై పైకి లేచిపోతాడు. లోపలి బట్టలు మందం మార్చినప్పుడల్లా నడుముకు కట్టే బరువులు మళ్ళీ సరిచూసుకోవాలి. హీలియం కలిసిన వాయువును సూటులోకి వదలకూడదు, అది గాలికంటె ఆరు రెట్లు వేగంగా వేడిని పోగొడుతుంది.

బ్యాటరీతో వేడెక్కే చొక్కాలు వచ్చాయి, వాటితో ఒక చిక్కుంది. 2007లో అమెరికా నౌకాదళం వారు ప్రచురించిన పరీక్షల్లో, అడుగున వెచ్చగా ఉండి, పైకి వచ్చేటప్పుడు చల్లబడిన వాళ్ళకే గాలిబుడగల జబ్బు ఎక్కువగా కనిపించింది. వెచ్చగా ఉన్న కండ నత్రజనిని ఎక్కువ పీల్చుకొంటుంది, చల్లబడ్డ కండ త్వరగా వదలదు. అడుగున చొక్కా పూర్తి వేడి మీద పెట్టుకొని, బ్యాటరీ అయిపోయి వణుకుతూ పైకి రావడం అన్నిటికంటె చెడ్డది. ముందురోజు రాత్రి నిద్ర, పొద్దున కడుపునిండా తిండి, ఇవి ఏ చొక్కాకన్నా చౌక. తాగుడు మాత్రం ముందూ వద్దు, వెనకా వద్దు.

మీరు ఉత్తరంలో "వద్దురా" అని వ్రాయకండి. అలా వ్రాస్తే, తడిసినా చలి వేసినా మీకు గాని తోటివాళ్ళకు గాని చెప్పకుండా దాచుకోవడం నేర్చుకొంటాడు. "తడి తగిలితే తక్షణం పైకి రా, సిగ్గుపడకు" అని వ్రాయండి.

మా అల్లుడుగారు మానలేదు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళారు. నీళ్ళలో దిగే ముందు ఫోనులో నాకొక ఫోటో పంపారు. మనిషి లేడు, కొండ లేదు, ఒట్టి ఎడమ మణికట్టు. రబ్బరు పట్టీకి రెండంగుళాల పైన చొక్కా అంచు శుభ్రంగా మడిచి ఉంది. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకొని చూసి, "చేయి చూపించాడేమిటండీ, దెబ్బ తగిలిందా?" అని కంగారుపడింది.